స్కీ బైండింగు కొనే ముందు బూటు తిరగేసి చూడండి

ప్రతి సంవత్సరం కార్తీకం వెళ్లి చలి ముదిరేసరికి నాకు రెండు దిక్కుల నుంచి ఫోన్లు మొదలవుతాయి. భువనగిరి కోట గుట్ట మీద తాడు పట్టుకొని రాయి ఎక్కడం నేర్చుకొని, ఆపైన గుల్మార్గ్‌లోనో ఔలిలోనో స్కీయింగ్ కోర్సుకు పేరు రాయించుకున్న నల్లగొండ, పాలమూరు పిల్లలు ఒక దిక్కు. డెన్వర్‌లోనో, సాల్ట్ లేక్ సిటీలోనో ఉద్యోగం చేసుకుంటూ మొదటిసారి సొంత స్కీలు కొందామనుకునే మిర్యాలగూడ, వనపర్తి, దేవరకొండ వాళ్లు ఇంకో దిక్కు. అడిగేది మాత్రం ఒకటే మాట: "అన్నా, ఏ బైండింగ్ తీస్కోవాలె?" ఒక్కొక్కరికి విడిగా చెప్పిన జవాబునే ఈసారి వరుసగా రాసి పెడుతున్నాను.

బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపే బైండింగు. దీని ముందు భాగాన్ని టోపీస్ అనీ, మడమ వైపు భాగాన్ని హీల్‌పీస్ అనీ అంటారు. పట్టి ఉంచడంతో దాని పని సగమే అయినట్లు. మీరు పడినప్పుడు కాలి ఎముక మెలిపడి విరగకముందే బూటును వదిలేయడం మిగతా సగం. కోడెను జారుముడి వేసి కట్టినప్పుడు అది ఎంత గుంజినా ముడి ఊడదు, మనం కొస పట్టి లాగితే మాత్రం ఒక్క ఊపులో విడిపోతుంది. బైండింగు నుంచి కోరవలసింది కూడా అదే. అయితే ఒక హద్దు గుర్తుంచుకోవాలి: ఈ ఏర్పాటు ప్రధానంగా మోకాలి కింది ఎముకను కాపాడటానికి పుట్టినది, మోకాలి లోపలి లిగమెంట్లకు అది పూర్తి రక్షణ ఇవ్వదు.

కావలసినవి

మీరు నిజంగా తొడుక్కోబోయే స్కీ బూట్లు, స్కీ మీద ముద్రించి ఉన్న మూడు కొలతలు, మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు, ఒక విజిటింగ్ కార్డు, బైండింగుతో వచ్చిన కంపెనీ పుస్తకం సిద్ధంగా పెట్టుకోవాలి. మీ బరువు, ఎత్తు, వయస్సు ఒక కాగితం మీద రాసుకోవాలి. బరువు ఇవాళ తూచినదై ఉండాలి. పెళ్లినాటి బరువు పనికిరాదు.

బూట్లు ఇంకా కొనకపోతే ఇక్కడే ఆగి, ముందు అవి కొనండి. బైండింగు ముందు కొని దానికి సరిపడే బూటు కోసం వెతకడం, గూటం దొరికింది కదా అని దానికి తగిన ఎద్దును వెతికినట్లే ఉంటుంది.

1. బూటు అడుగును చదవండి

బూటును తిరగేసి, అడుగునా మడమ పక్కనా రాసి ఉన్నదంతా ఫోటో తీసుకోండి. అందులో మీకు రెండు సంగతులు కావాలి.

మొదటిది అడుగు పొడవు. ఇది మడమ పక్కన 305 అనో 317 అనో మూడంకెల సంఖ్యగా, మిల్లీమీటర్లలో ఉంటుంది. నాతో మాట్లాడేవారిలో చాలామంది ఇక్కడే తడబడి, "నాది 8 నంబరు" అని చెప్పుల కొలత చెబుతారు. చెప్పుల కొలతతో గానీ, 26.5 అని రాసి ఉండే బూటు లోపలి కొలతతో గానీ బైండింగుకు సంబంధం లేదు. లోపలి కొలత ఒకటే అయిన రెండు కంపెనీల బూట్లకు అడుగు పొడవులో చాలా మిల్లీమీటర్ల తేడా ఉండవచ్చు, ఆ తేడాతో హీల్‌పీస్‌ను జరపవలసి వస్తుంది.

రెండవది అడుగు రకం. చదునుగా, గట్టి ప్లాస్టిక్‌తో ఉండేది ఐఎస్‌ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) 5355 రకం, అంటే లిఫ్టులో పైకి వెళ్లి దిగేవారి మామూలు ఆల్పైన్ బూటు. అదే ప్రమాణంలో పెద్దలకు 'ఎ', పిల్లలకు 'సి' అని రెండు తరగతులు ఉన్నాయి. కాస్త వంపు తిరిగి, రబ్బరు పట్టుతో, నడవడానికి వీలుగా ఉండేది గ్రిప్‌వాక్. దీని ప్రమాణం ఐఎస్‌ఓ 23223. ఇంకా ఎక్కువ వంపుతో, ట్రెక్కింగ్ బూటు అడుగులా లోతైన గాళ్లతో ఉండేది ఐఎస్‌ఓ 9523, అంటే సొంత కాళ్లతో కొండ ఎక్కేవారి టూరింగ్ బూటు. టూరింగ్ బూటుకు సాధారణంగా మునివేళ్ల దగ్గర రెండు పక్కలా చిన్న ఇనుప గుంటలు, మడమ వెనుక ఇనుప గాడి కనిపిస్తాయి. బాగా తేలికైన కొన్ని టూరింగ్ బూట్లకు ముందువైపు పెదవిలా పొడుచుకొచ్చే అంచు కూడా ఉండదు, కాబట్టి అవి పిన్ బైండింగులో (దీని సంగతి 2వ మెట్టులో వస్తుంది) తప్ప మరెందులోనూ పట్టవు.

ఇప్పుడు బైండింగు మీద ఏమి రాసి ఉందో దానితో పోల్చండి. ఏ గుర్తూ లేని పాత ఆల్పైన్ బైండింగును 5355 బూటుకు మాత్రమే పనికివచ్చేదిగా భావించాలి. గ్రిప్‌వాక్ గుర్తు ఉన్నది 5355, గ్రిప్‌వాక్ రెండింటికీ సరిపోతుంది. సాలమన్, అటామిక్ కంపెనీల 'ఎంఎన్‌సీ', మార్కర్ కంపెనీ 'సోల్ ఐడీ' గుర్తులున్నవి టోపీస్ ఎత్తును సరిచేసుకుంటే టూరింగ్ అడుగును కూడా తీసుకుంటాయి.

*హెచ్చరిక:* "తొక్కితే టక్కున పడింది, కాబట్టి సరిపోయింది" అనే మాటను నమ్మకండి. వంపు తిరిగిన రబ్బరు అడుగును పాత ఆల్పైన్ బైండింగులో పెట్టి తొక్కినా ఆ చప్పుడు వస్తుంది. కానీ పడినప్పుడు ఆ రబ్బరు టోపీస్ కింది జారుడు పలకకు అతుక్కుపోయి, బూటు పక్కకు జరగదు. చిన్నపిల్లల 'సి' తరగతి బూటు ముందు అంచు పెద్దల దానికంటే పలుచగా ఉంటుంది కనుక, దాన్ని పెద్దల బైండింగులో పెడితే లోపల వదులుగా ఆడుతుంది.

2. కొండ మీదికి ఎలా వెళ్తారో తేల్చుకోండి

కేబుల్ కారులోనో లిఫ్టులోనో పైకి వెళ్లి స్కీ మీద కిందికి దిగేవారికి ఆల్పైన్ బైండింగు సరిపోతుంది. ఈ వ్యాసం చదివే పది మందిలో తొమ్మిది మంది ఈ కోవలోనే ఉంటారని నా అంచనా. మడమ ఎప్పుడూ బిగిసే ఉండే ఈ బైండింగు ఒక్కోటి సుమారు 1 కిలో తూగుతుంది. లుక్, మార్కర్, సాలమన్, టిరోలియా వంటి కంపెనీలు చేస్తాయి. కొత్తగా నేర్చుకునేవారి స్కీలు చాలామటుకు పట్టా మీద జరిగే బైండింగుతో కలిపే వస్తాయి. వాటికి రంధ్రాలు వేసే పని ఉండదు, బూటు మారినా ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు. మొదటి కొనుగోలుకు నేను ఇదే చెబుతాను. ఒక కంపెనీ పట్టా మీద ఇంకో కంపెనీ బైండింగు సాధారణంగా ఎక్కదు, దాని లోటు అంతే.

స్కీలకు అడుగున పట్టీలు అంటించుకొని సొంత కాళ్లతో కొండ ఎక్కేవారికి పిన్ బైండింగు కావాలి. 1980లలో ఆస్ట్రియాకు చెందిన ఫ్రిట్జ్ బార్తెల్ రూపొందించిన పద్ధతి ఇది: టోపీస్‌లోని రెండు సూదిమొనలు బూటు ముందరి ఇనుప గుంటల్లో దిగుతాయి, ఎక్కేటప్పుడు మడమ స్వేచ్ఛగా లేస్తుంది. మోయవలసిన బరువు సగానికి పైగా తగ్గుతుంది. దానికి బదులుగా మీరు కొంత వదులుకుంటారు. ఈ రకంలో చాలా వాటికి పక్కకు వదిలే ఏర్పాటు హీల్‌పీస్‌లో ఉంటుంది తప్ప టోపీస్‌లో ఉండదు, వదిలే తీరు కూడా ఆల్పైన్ బైండింగంత నిలకడగా ఉండదు. టోపీస్ మీటను ఎక్కేటప్పటి తాళం స్థానంలోనే మరిచిపోయి దిగితే అది బూటును వదలదు. ఇది తరచుగా జరిగే పొరపాటు, మంచు చరియలు విరిగిపడినప్పుడు ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు. కొన్ని పిన్ బైండింగులకు బ్రేకు (బూటు ఊడగానే కిందికి దిగి, స్కీ జారిపోకుండా ఆపే చేతులు) కూడా ఉండదు, వాటికి కాలికి కట్టే తాడు విడిగా కొనాలి.

ఈ రెండింటి మధ్య ఉన్నవి హైబ్రిడ్‌లు. 2018లో వచ్చిన సాలమన్ షిఫ్ట్ వంటివి ఎక్కేటప్పుడు పిన్నులతోనూ, దిగేటప్పుడు ఆల్పైన్ పద్ధతిలోనూ పనిచేస్తాయి. గుల్మార్గ్‌లో గొండోలా (కేబుల్ కారు) మీద మధ్య స్టేషను కొంగ్‌దూరి దాటి అఫర్వాత్ కొండ వరకు వెళ్లి, అక్కడి నుంచి కాస్త నడిచి చదును చేయని మంచులో దిగేంత అనుభవం వచ్చినవారికి ఇవి నప్పుతాయి. మొత్తం బైండింగే చట్రంలా లేచే ఫ్రేమ్ రకం పాతబడింది, బరువెక్కువ. చవకగా దొరికితే తప్ప దాని జోలికి పోనవసరం లేదు. మడమ విడిచి వంగే టెలిమార్క్, మైదానం మీద సాగే క్రాస్ కంట్రీ బైండింగులకు వాటి బూట్లూ స్కీలూ వేరే ఉంటాయి, ఇక్కడ చెప్పే లెక్కలు వాటికి వర్తించవు.

గుల్మార్గ్, ఔలి, మనాలిలలో మొదటి కోర్సుకు వెళ్తున్నవారు ఏమీ కొనవద్దు. అక్కడ అద్దెకు దొరికేవి తీసుకొని, 7వ మెట్టులోని పరీక్షలు మాత్రం తప్పక చేసుకోండి.

3. వదిలే సంఖ్యను లెక్కించండి

బైండింగు ఎంత బలానికి బూటును వదలాలో చెప్పే సంఖ్యను డిన్ విలువ అంటారు. టోపీస్ మీద, హీల్‌పీస్ మీద చిన్న గాజు కిటికీలాంటి దానిలో ఇది కనబడుతుంది. దీన్ని మనం మనసుకు తోచినట్లు పెట్టుకోకూడదు; ఐఎస్‌ఓ 11088 ప్రమాణంలోని పట్టిక నుంచి తీస్తారు. పట్టిక ప్రతి కంపెనీ పుస్తకంలో ఉంటుంది. చూసే పద్ధతి ఇది.

బరువును బట్టి ఒక వరుస, ఎత్తును బట్టి ఒక వరుస వస్తాయి. ఉదాహరణకు 70 కిలోల బరువు, 172 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న మనిషికి రెండూ 'కె' అనే వరుసలోనే పడతాయి. రెండూ వేర్వేరు వరుసల్లో పడితే, పట్టికలో పైనున్న వరుసను, అంటే తక్కువ సంఖ్య వచ్చేదాన్ని తీసుకోవాలి. నెమ్మదిగా, జాగ్రత్తగా దిగేవారు అక్కడే ఉండాలి. ఒక మోస్తరు వేగంతో అన్ని వాలుల మీదా దిగేవారు ఒక వరుస కిందికి, నిటారు వాలుల మీద వేగంగా దిగేవారు రెండు వరుసలు కిందికి రావాలి. 50 ఏళ్లు నిండినవారు, 9 ఏళ్లు అంతకంటే తక్కువ ఉన్న పిల్లలు ఒక వరుస పైకి వెళ్లాలి. చివరగా ఆ వరుసలో మీ బూటు అడుగు పొడవు కింద ఉన్న సంఖ్యే మీది. అడుగు పొడవు పెరిగే కొద్దీ సంఖ్య తగ్గుతుంది, ఎందుకంటే పొడవాటి బూటు పొడవాటి గడ్డపారలా పనిచేస్తుంది.

సంఖ్య తెలిశాక బైండింగు పరిధిని ఎంచుకోవడం తేలిక. పెద్దల బైండింగులు 3–10, 4–12, 6–16 వంటి పరిధుల్లోనూ, పిల్లలవి 0.75–4.5 వంటి పరిధిలోనూ వస్తాయి. మీ సంఖ్య ఆ పరిధికి నడుమ పడాలి, కొసలో పడకూడదు. మీకు 5.5 వస్తే 3–10 సరైనది. 6–16 ఉన్నది గట్టిదనీ, ఖరీదైనది కనుక మంచిదనీ కొన్నవారు దాన్ని తమ సంఖ్యకు దించలేక 6 దగ్గరే వదిలేస్తారు.

*నా అనుభవం:* గుల్మార్గ్‌కు వెళ్లిన మొదటి సంవత్సరం అద్దె దుకాణంలో నా కంటే ముందు ఆ స్కీలు వాడిన మనిషి ఎవరో, ఎంత బరువో నేను అడగలేదు. దుకాణంవాడు హీల్‌పీస్ జరిపి, తొక్కించి, పంపించాడు. మధ్యాహ్నం దాదాపు నిలబడే చోట, నడక వేగం కూడా లేనప్పుడు, ఎడమ స్కీ మంచులో దిగబడి పక్కకు తిరిగింది. నేను తిరిగాను, బూటు మాత్రం ఊడలేదు. మోకాలి లోపలి పక్కన తడిగుడ్డ పిండినట్లు అనిపించింది. సాయంత్రం గదిలో టార్చి వేసి చూస్తే టోపీస్ కిటికీలో గీత 9 మీద ఉంది. నాకు ఉండవలసినది అందులో సగం. ఆరు వారాలు కర్ర పట్టుకొని నడిచాను. వేగంగా పడేటప్పటి కంటే ఇలా నెమ్మదిగా మెలిపడేటప్పుడే బైండింగు మొరాయిస్తుందని అప్పుడు తెలిసింది.

మీరు దిగే తీరును ఎంచుకునేటప్పుడు గొప్పలకు పోవద్దు. "నేను బాగానే దిగుతాను" అని చెప్పి రెండు వరుసలు కిందికి దిగినవారిని నేను చాలామందిని చూశాను. దుకాణంలో అడిగినప్పుడు బరువు తగ్గించి చెప్పడం, ముఖ్యంగా పక్కన బంధువులు ఉన్నప్పుడు, ఇంకో అలవాటు. తగ్గించి చెబితే మామూలుగా దిగేటప్పుడే బూటు ఊడి పడతారు.

4. బ్రేకు వెడల్పు చూడండి

స్కీ మీద 121–78–104 లాగా మూడు సంఖ్యలు ఉంటే నడిమిదే నడుము వెడల్పు. బ్రేకు దానికి సమానంగా గానీ, దానికంటే 15 మిల్లీమీటర్ల లోపు ఎక్కువగా గానీ ఉండాలి. 78 నడుముకు 80, 85, 90 బ్రేకులు పనికివస్తాయి. తక్కువైతే బ్రేకు కిందికి దిగదు, మరీ ఎక్కువైతే స్కీని వంచినప్పుడు మంచులో గీసుకుంటుంది. బ్రేకు చేతులను పటకారుతో వంచి సరిచేయడం అమెరికాలోనూ చూశాను, ఇక్కడా చూశాను. ఆ పని చేయకండి.

5. పాతవి కొనేటప్పుడు

బైండింగు కంపెనీలు తమ ఏయే నమూనాలకు దుకాణాలు మరమ్మతు చేయవచ్చో ప్రతి సీజనుకూ జాబితా ఇస్తాయి. ఆ జాబితా నుంచి తొలగించిన నమూనాను అమెరికాలో మంచి దుకాణం ముట్టుకోదు, ఎందుకంటే ప్రమాదం జరిగితే కంపెనీ వెనక నిలబడదు. కాబట్టి పాత స్కీలు బేరమాడే ముందే బైండింగు పేరు, నమూనా ఫోటో తీసి దగ్గరి దుకాణానికి పంపి, జాబితాలో ఉందా అని అడగండి. లేదంటే ఆ స్కీల ధరలో బైండింగుకు సున్నా కట్టి, కొత్త బైండింగు ఖర్చు కలిపి చూసుకోండి. చాలాసార్లు చవక బేరం అక్కడే తేలిపోతుంది.

పిల్లలకు కొనేటప్పుడు మనవాళ్లు బడి యూనిఫాం మడత వదిలి కుట్టించినట్లు ఆలోచిస్తారు. పట్టా మీద జరిగే బైండింగు విషయంలో ఆ ఆలోచన మంచిదే, బూటు మారినా అది పనికివస్తుంది. బూటు విషయంలో మాత్రం వద్దు. పిల్లవాడు పెరిగిన ప్రతిసారీ డిన్ విలువ మళ్లీ చూడాలి.

6. బిగించే పని దుకాణానికి వదిలేయండి

పట్టా లేని స్కీలకు రంధ్రాలు వేయాలి. డ్రిల్ బిట్ కొలత స్కీ మీదే రాసి ఉంటుంది. మామూలు స్కీలకు ఎక్కువగా 3.6, లోహపు పొర ఉన్నవాటికి 4.1 మిల్లీమీటర్లు. లోతు ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా కింద నుంచి బయటికి రావచ్చు. ఒకాయన సామాను అమెరికా నుంచి తెచ్చుకొని, నల్లగొండలో తలుపులు బిగించే మేస్త్రీతో రంధ్రాలు వేయించాడు. మేస్త్రీ పనితనంలో లోపం లేదు, వంకర లేకుండా బిగించాడు. కానీ బూటు నడుమ గుర్తు, స్కీ మీది గీత కలవాలని ఆయనకెవరూ చెప్పలేదు. రెండు వేళ్ల మందం వెనక్కి పోయింది. సరిచేయాలంటే పాత రంధ్రాలు పూడ్చి, వాటికి కనీసం 1 సెంటీమీటరు దూరంగా కొత్తవి వేయాలి.

దుకాణానికి స్కీలతో పాటు రెండు బూట్లూ తీసుకువెళ్లండి. ఒక్క బూటు తెచ్చి "రెండోది కూడా ఇంతే" అంటే ఒప్పుకోని దుకాణమే మంచి దుకాణం.

7. సరిగా ఉందో లేదో మీరే చూసుకోండి

అ) బూటు అడుగున ఉన్న మంచు, మట్టి, గులకరాళ్లు తుడిచి, కాలు లేకుండా ఖాళీ బూటును బైండింగులో బిగించండి.

ఆ) హీల్‌పీస్ వెనుక ముందొత్తిడిని, అంటే అది బూటును టోపీస్ వైపు ఎంత నెడుతోందో, చూపే గుర్తు ఉంటుంది. ఒక కంపెనీలో అది రెండు గీతల మధ్య సూచిక, ఇంకోదానిలో చట్రంతో సమంగా రావలసిన స్క్రూ తల. బూటు లోపల ఉన్నప్పుడే దీన్ని చూడాలి, ఖాళీ బైండింగులో చూస్తే అర్థం ఉండదు. డిన్ సరిగా ఉండి ఈ ఒత్తిడి తప్పినా మొత్తం లెక్క తప్పినట్లే.

ఇ) టోపీస్ ఎత్తు సరిచేసుకునే రకమైతే, బూటు అడుగుకూ జారుడు పలకకూ మధ్య విజిటింగ్ కార్డు పెట్టి లాగండి. కొద్దిగా పట్టుకుంటూ బయటికి రావాలి. చిరిగితే బిగువు, జారి పడితే వదులు. కంపెనీ పుస్తకం వేరే కొలత చెబితే పుస్తకం మాటే వినండి.

ఈ) బూటు ముందు భాగాన్ని పక్కనుంచి అరచేతితో గట్టిగా చరచండి. కొద్దిగా పక్కకు జరిగి, దానంతటదే నడిమికి రావాలి. రెండు పక్కలా చేయండి. జరిగిన చోటే నిలిచిపోతే లోపల తుప్పో మట్టో ఉంది.

ఉ) నాలుగు కిటికీల్లోని సంఖ్యలను చదివి కాగితం మీద రాయండి: రెండు టోపీస్‌లు, రెండు హీల్‌పీస్‌లు. అద్దె స్కీలకు ఇది నిమిషం పని. దుకాణంవాడు విసుక్కున్నా చేయండి.

సొంత స్కీలైతే సీజను మొదట్లో ఒకసారి దుకాణంలోని బలం కొలిచే యంత్రం మీద పరీక్ష చేయించాలి. కిటికీలోని సంఖ్య స్ప్రింగు ఎంత బిగించి ఉందో చెబుతుంది. నిజంగా ఎంత బలానికి వదులుతుందో యంత్రమే చెప్పగలదు. బూటు మార్చినప్పుడు, 50 ఏళ్లు దాటినప్పుడు, సంక్రాంతికి ఇంటికి వచ్చి సకినాలూ అరిసెలూ తిని అయిదారు కిలోలు పెరిగి వెళ్లినప్పుడు పట్టిక మళ్లీ చూడాలి.

బైండింగు బిగుసుకుపోయిందని కొబ్బరినూనె గానీ, కుట్టుమిషన్ నూనె గానీ, తుప్పు వదిలించే స్ప్రే గానీ కొట్టవద్దు. లోపల కంపెనీ పెట్టిన గ్రీజు కరిగి కారిపోతుంది. తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరబెడితే చాలు. స్కీలను ఊరికి తెచ్చుకున్నవారు మే నెలలో రేకుల గదిలో పెట్టకండి.

మొదటి రోజు మొదటి దిగుడు చిన్న వాలు మీద పెట్టుకోండి. కిందికి వచ్చాక స్కీలు విప్పి, మళ్లీ తొక్కి, ముందొత్తిడి గుర్తు ఉదయం ఉన్న చోటే ఉందా అని చూడండి. కదిలి ఉంటే ఆ రోజు గొండోలా ఎక్కకుండా నేరుగా దుకాణానికి వెళ్లండి.